రాయి పుట్టని చోట రాళ్ళ మేడం

మా కోనసీమలో రాయి పుట్టదు. కొబ్బరి పుడుతుంది, అరటి పుడుతుంది, మాటకి ముందొకటీ వెనకొకటీ ‘అండీ’ పుడుతుంది; రాయి మాత్రం లారీ ఎక్కి రావలసిందే. పునాది రాయి, రుబ్బురోలు, ఏటిగట్టుకి పోసే బండలు, అన్నీ గోదావరి అవతల నుంచి దిగుమతి చేసుకున్నవే. మీదికొచ్చే కుక్కని అదిలిద్దామని వంగితే చేతికి మట్టిగడ్డ తగులుతుంది, అదీ విసిరేలోపు పొడి అయిపోతుంది. అలాంటి చోట, అమలాపురంలో మా డిగ్రీ కాలేజీలో, భూగర్భశాస్త్రం చెప్పే మనిషి నిర్మల గారు.

నేను అదే కాలేజీలో తెలుగు చెబుతాను. నా క్లాసుకీ ఆవిడ ల్యాబుకీ మధ్య ఒక్కటే గోడ. అదీ పల్చటిది. అందుచేత ఏళ్ళ తరబడి నా పద్యాలు ఆవిడా, ఆవిడ శిలలు నేనూ విని తీరవలసి వచ్చింది. ఊళ్ళో అందరూ ఆవిడని రాళ్ళ మేడం అంటారు. మొదట్లో వెక్కిరింతగానే అని ఉంటారు, మావాళ్ళకి ఆ గుణం లేకపోలేదు. ఇప్పుడు ఆవిడ ఇల్లెక్కడని అడగాలన్నా ఆ పేరే చెప్పాలి.

ఆవిడ పుట్టింది రాజోలు దగ్గర పల్లెలో. తాతల దాకా ఒకరి చేలల్లో కూలి చేసుకున్న కుటుంబం. తండ్రి పాపారావు గారు బడిపంతులయ్యాక ఇంట్లో పుస్తకాలు చేరాయి. నిర్మల గారు చిన్నప్పుడు ఎవరిదో పెళ్ళికని విశాఖపట్నం రైల్లో వెళుతూ, తుని దగ్గర పడుతుండగా మొదటిసారి కొండని చూశారట. మా వైపు నేల మీద ఎత్తుగా ఏది కనబడినా అది మనిషి పోసిందే. ఇల్లు మెరక చెయ్యాలంటే పక్కనే గొయ్యి తవ్వాలి, ఆ గొయ్యే తరవాత చేపల చెరువవుతుంది. ఆ లెక్కనే పిల్ల కిటికీలోంచి కొండని చూస్తూ అడిగింది.

“నాన్నా, ఇంత మట్టి ఎవరు పోసేరు?”

“దేవుడు పోసేడమ్మా.”

“మరి గొయ్యేది?”

పాపారావు గారు బైబిలు క్షుణ్ణంగా చదివిన మనిషి. ఆ గొయ్యి సంగతి మాత్రం అందులో ఆయనకి కనబడలేదు. పిల్ల పెళ్ళివారింట్లో కూడా ఆ ప్రశ్న వదల్లేదట. పెద్దయ్యాక విశాఖపట్నంలోనే భూగర్భశాస్త్రంలో చేరి, డిగ్రీ మీద డిగ్రీ చేసి, ఉద్యోగం వచ్చాక కోరి కోరి అమలాపురం వచ్చారు. కొండలున్న ఊళ్ళు ఇస్తామంటే వద్దన్నారు. తల్లి సుందరమ్మ గారికి ఆ చదువు మొదటి నుంచీ నచ్చలేదు. “లెక్కలు తీసుకుంటే ట్యూషన్లయినా చెప్పుకుందువు కదే, రాళ్ళకి ట్యూషనెవరు పెట్టించుకుంటారు?” అని ఇప్పటికీ దెప్పుతూనే ఉంటారు.

భర్త సన్నీ గారు ఇన్సూరెన్సు ఆఫీసులో పని చేస్తారు. నెమ్మదైన మనిషి. పెళ్ళయిన కొత్తలో భార్యాభర్తలు నాసిక్ వైపు వెళ్ళారు, గోదావరి పుట్టిన కొండ చూద్దామని. వచ్చేటప్పుడు పెట్టె ఎత్తలేక స్టేషన్లో కూలీ, “ఇందులో ఏముంది సారూ?” అని అడిగితే సన్నీ గారు, “మా ఆవిడ కొనుక్కున్న వస్తువులు బాబూ” అన్నారట. అబద్ధమేమీ కాదు. కాకపోతే ఆవిడ కొనుక్కోలేదు, ఏరుకున్నారు.

అలా ఏరుకుంటూ, ప్రతి సెలవుకీ ఒక దిక్కుకి వెళుతూ, ల్యాబు నింపారు. విశాఖ కొండల్లోంచి ఎర్రగింజలు పొదిగినట్టుండే ఖొండలైటు, చీమకుర్తి నల్లరాయి, కడప బండ, పలకలు చేసే మార్కాపురం రాయి, గూడూరు అభ్రకం, మంగంపేట ముగ్గురాయి, పల్నాటి సున్నపురాయి, గోదావరి పుట్టిన త్ర్యంబకం కొండ నుంచి లావా గడ్డకట్టిన నల్ల బసాల్టు. ఒక్కో దానికి ఒక్కో చెక్క ట్రే, అందులో ఆవిడ చేతిరాతతో ఒక్కో చీటీ. అవి కాలేజీ డబ్బుతో వచ్చినవి కావు. ఆవిడ భుజం నొప్పితో వచ్చినవి.

ఇక ఊరి జనానికి ఆవిడంటే ఎంత గౌరవమో, ఆవిడ చదివిందేమిటన్న దాని మీద అంత అయోమయం. పెళ్ళి విందుల్లో ఆవిడ పక్కన కూర్చోవాలంటే నాకు సరదా. ఒకాయన వచ్చి, “మేడం గారూ, మా వాడికి శని నడుస్తోందండి, ఏ రాయి ఉంగరం పెట్టించమంటారు?” అంటాడు. ఇంకొకావిడ, “మా దొడ్లో లంకెబిందెలున్నాయంటున్నారండి, మీ మిషనుతో ఓసారి చూస్తారా?” అంటుంది. ఆవిడ ఎవరినీ కసరరు. వచ్చిన వాళ్ళని కూర్చోబెట్టి, అడగని పాఠం కూడా చెప్పి పంపిస్తారు. మాట మొదలెడితే ఆపడం ఆవిడ వల్ల కాదు. ఆ ఒక్క విషయంలో నేను ఆవిడని విమర్శించే స్థితిలో లేను.

ప్రతి ఏడూ మొదటి క్లాసులో ఆవిడ చెప్పే మాటలు గోడ ఇవతల నాకు కంఠతా వచ్చేశాయి. “రాళ్ళ పేర్లు బట్టీ పట్టడం కాదర్రా ఈ సబ్జెక్టు. భూమి ఎలా వచ్చింది, దాని మీద ఏమేం జరిగేయి, ఇప్పుడేం జరుగుతోంది, రేపేం జరగొచ్చు, ఇవి అడగడం. మీరు తాగే నీళ్ళెక్కడివి? మీ వంటింట్లో మండే గ్యాసు ఏ లోతులోంచి వచ్చింది? అంతర్వేదిలో సముద్రం ముందుకెందుకొస్తోంది? భూకంపం ఎందుకొస్తుంది? చచ్చిపోయిన నత్త రాయెలా అయింది? ఇదంతా మనదే. కింద ఎంత లోతుంటే అంత దూరం మనదే.” ఆ ఊపుకి నా క్లాసులో పిల్లలు కూడా తలలు అటు తిప్పేవారు. నాకు ఒళ్ళు మండేది కానీ, వినాలనీ ఉండేది.

సఖినేటిపల్లి రేవులో పడవ నడిపే తాతారావు కూతురు లక్ష్మీతులసి ఆ గ్రూపులో చేరడానికి కారణం ఒక బోరు. తాతారావు కొత్తిల్లు కట్టుకుని, ఎంత లోతుకి వెళితే నీళ్ళు అంత తియ్యగా ఉంటాయన్న నమ్మకంతో, ఊళ్ళో అందరికంటే లోతుగా బోరు దింపించాడు. కషాయంలా ఉప్పునీళ్ళు పడ్డాయి. కూతుర్ని వెంటబెట్టుకుని రాళ్ళ మేడం దగ్గరికి వస్తే, ఆవిడ గ్లాసులో ఉప్పునీళ్ళు పోసి, పైన మంచినీళ్ళు నెమ్మదిగా చెంచాతో వదిలి, మా ఇసక మెరకల కింద తియ్యటి నీరు ఉప్పునీటి మీద ఎలా తేలుతుందో చూపించారు. “పైన ఉన్నది చాలండి, కిందకి వెళ్ళకండి” అన్నారు. తాతారావు బోరు పూడ్చేసి పాత నుయ్యి బాగు చేయించుకున్నాడు. పిల్ల మాత్రం ఆ గ్లాసు దగ్గరే ఉండిపోయింది. మరుసటి ఏడు ఇంటర్ పూర్తవగానే వచ్చి చేరింది.

అంతమంది అలా చేరితే ఈ కథే లేదు. ఈమధ్య పిల్లలందరూ కంప్యూటర్ల మీద పడ్డారు. భూగర్భశాస్త్రం గ్రూపులో బెంచీలు ఖాళీ అవుతూ వచ్చాయి. రాయి లేని చోట రాళ్ళ చదువెందుకని పైవాళ్ళకి అనుమానం వచ్చింది. గ్రూపు ఉంచాలా తీసెయ్యాలా తేల్చడానికి ఆగస్టులో కమిటీ వస్తోందన్నారు. తీసేస్తే చదువుతున్న పిల్లలు సగంలో వేరే కాలేజీ వెతుక్కోవాలి, నిర్మల గారిని ఎక్కడో అనంతపురం అవతలికి పంపేస్తారు. అక్కడ అడుగు తీసి అడుగేస్తే రాయేనని మా ప్రిన్సిపాల్ బుచ్చిరాజు గారు ఓదార్చబోయారు.

“అక్కడ చెప్పడానికి చాలామంది ఉన్నారండి. ఇక్కడే ఎవరూ లేరు” అన్నారు నిర్మల గారు. ఆ రోజు ఆవిడ మళ్ళీ మాట్లాడలేదు. గోడ అవతల అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

కమిటీ పెద్ద రామ్మూర్తి గారు. ఆయనా భూగర్భశాస్త్రం మనిషే. ఆ మాట విని నేను సంతోషిస్తే నిర్మల గారికి భయం పట్టుకుంది. “మనవాళ్ళకి మన మీద జాలుండదండి మేష్టారూ. ముందు ల్యాబు చూస్తారు. రాళ్ళు సరిగ్గా లేకపోతే ఇంక ఏం చెప్పినా వినరు” అన్నారు. వారం రోజులు అటెండర్ సత్యదుర్గారావుతో కలిసి ప్రతి రాయీ తుడిచి, ట్రేలు కడిగి, చీటీలు కొత్తగా రాశారు.

సత్యదుర్గారావు గురించి ఒక మాట చెప్పాలి. పని చెప్పక ముందే చేసేసే మనిషి. అది గుణమో జబ్బో ఆ రోజు దాకా మాకు తేలలేదు.

కమిటీ వచ్చే రోజుకి ముసురు పట్టి ఉంది. మా గేటు ముందు అంతకు ముందే నీళ్ళ గొట్టం కోసం తవ్వి, పైన ఇంత మట్టి కప్పి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు. ఎవరు తవ్వారో నేను చెప్పను. చెప్పినా వాళ్ళకి ఇది చదివే తీరిక ఉండదు. కమిటీ కారు సరిగ్గా అక్కడికి వచ్చి, ముందు చక్రం సగం దాకా దిగబడింది. డ్రైవరు ఎంత తొక్కితే అంత లోపలికి పోతోంది. బుచ్చిరాజు గారు గొడుగు పట్టుకుని కారు చుట్టూ తిరుగుతూ అందరికీ ఒకేసారి పని చెబుతున్నారు. కొబ్బరి మట్టలు తెచ్చి చక్రం కింద పెట్టారు, జారిపోయాయి. లోపల కూర్చున్న పెద్దలు దిగుదామంటే మోకాలి లోతు బురద.

అప్పుడు సత్యదుర్గారావు లోపలికి పరిగెత్తాడు. కాసేపటికి భుజాన గోనెసంచి, చేతిలో బకెట్టు, వెనక ఇంకో ఇద్దరు కూడా బకెట్లతో. దబదబా చక్రాల కింద కుమ్మరించాడు. కారు ఒక్క ఊపున పైకొచ్చింది. వరండాలో నిలబడ్డ మేమందరం చప్పట్లు కూడా కొట్టాం. ఈ ఊళ్ళో అన్ని రాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయని ఒక్కరికీ అనుమానం రాలేదు. అనుమానం రాగల ఒకే ఒక్క మనిషి అప్పుడు ప్రిన్సిపాల్ గదిలో టీ ఏర్పాట్లు చూస్తున్నారు.

టీలయ్యాక అందరం ల్యాబుకి వెళ్ళాం. ట్రేలన్నీ వరసగా ఉన్నాయి. ప్రతి ట్రేలోనూ చీటీ ఉంది. ఒక్కదాంట్లోనూ రాయి లేదు.

గుమ్మం దగ్గర సత్యదుర్గారావు మెప్పు కోసం చూస్తూ నిలబడ్డాడు. “చీటీలు తడిసిపోతాయని ఉంచేసేనండి” అన్నాడు.

నిర్మల గారు బల్ల అంచు పట్టుకున్నారు. ఆవిడ పడిపోతారేమోనని నేనొక అడుగు ముందుకేశాను కూడా. సత్యదుర్గారావుకి అప్పటికి అర్థమైంది.

“ఏమిటండీ ఇది?” అన్నారు రామ్మూర్తి గారు.

ఆవిడ ఊపిరి తీసుకుని నవ్వేశారు. “మా వైపు అలవాటేనండి ఇది. ఇక్కడ రాయి కనబడితే ఎవరూ ఊరికే ఉంచరండి. బీరువా కింద పెడతారు, పచ్చడి జాడీ మీద పెడతారు, బురదలో మెట్టేస్తారు. రాయి మనిషికి దేనికి పనికొస్తుందన్నది కూడా మన సబ్జెక్టేనండి. ఇవాళ కమిటీ వారికి పనికొచ్చేయి.”

మిగతా సభ్యులిద్దరూ నవ్వారు. రామ్మూర్తి గారు నవ్వలేదు. “బాగానే చెప్పారు. కానీ నేను ల్యాబు ఖాళీగా ఉందనే రాయాలి” అన్నారు. తరవాత ఒక ట్రే ముందు ఆగి, చీటీ చదివారు. “ఒక పని చేద్దాం. మేము భోజనం చేసి వచ్చేలోపు మీ పిల్లలు ఆ రాళ్ళు తీసి కడిగి, ఏ చీటీ మీద ఏది ఉండాలో పెట్టాలి. మీరు ముట్టుకోకూడదు, నోరు విప్పకూడదు. మీరు సర్దితే అది మ్యూజియం, పిల్లలు సర్దితే అది ల్యాబు.”

ముట్టుకోకపోవడం ఆవిడ చేయగలరు. నోరు విప్పకపోవడమే నాకు అసాధ్యమనిపించింది.

కమిటీ రొయ్యల వేపుడు వైపు వెళ్ళింది. పిల్లలు గేటు వైపు పరిగెత్తారు. చున్నీలు నడుముకి బిగించి, ప్యాంట్లు మడిచి, ఆ వానలో బురదలోకి చేతులు దించారు. సత్యదుర్గారావు ఏడుపు మొహంతో నీళ్ళు మోశాడు. తీసిన రాళ్ళన్నీ ఒక్కలాగే ఉన్నాయి, బురద ముద్దల్లా. కడిగాక అసలు పరీక్ష మొదలైంది. ఒక పిల్లాడు రెండు తెల్లరాళ్ళు రెండు చేతుల్లో తూచి, “ఈ బరువు ముగ్గురాయిదేరా” అన్నాడు. ఇంకొకడు గోటితో గీసి చూశాడు. ఒకమ్మాయి యాసిడ్ చుక్క వేసి, నురగ రాగానే “పల్నాడు” అని అరిచింది. ఎర్రగింజలు కనబడగానే ఖొండలైటు తన చోటికి తను వెళ్ళిపోయింది. నిర్మల గారు గుమ్మంలో కుర్చీ వేసుకుని, చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నారు. ఒకడు కడప బండని మార్కాపురం చీటీ మీద పెడితే ఆవిడ కళ్ళు మూసుకున్నారు. పక్కవాడు తట్టి చూసి, చప్పుడు విని, సరిచేశాడు. నేను తెలుగు మేష్టార్ని, నా క్లాసు వదిలేసి గోడకానుకుని అదే చూస్తున్నాను.

భోజనాలయ్యాక రామ్మూర్తి గారు వచ్చి, ఒక్కో ట్రే దగ్గరా ఆగి, రాయి చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు పైకెత్తి చూశారు. ఆఖరి ట్రే దగ్గర ఆగిపోయారు. అది ఖాళీగా ఉంది. బసాల్టు, త్ర్యంబకం కొండ అని చీటీ. ఆ రాయి చక్రం కింద ఎంత లోపలికి వెళ్ళిందో, పిల్లలు ఎంత వెతికినా దొరకలేదు.

“గోదావరి పుట్టిన చోట రాయి. ఇదే పోయిందన్నమాట” అన్నారాయన. సభ్యుల్లో ఒకాయన కలం తీశారు.

వెనక వరసలోంచి లక్ష్మీతులసి గబగబా బయటికి వెళ్ళింది. తిరిగొచ్చి, గుప్పెడు నల్ల బురద ఆ ట్రేలో పెట్టింది. నిర్మల గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

“ఇదేమిటమ్మా?” అన్నారు రామ్మూర్తి గారు.

“బసాల్టేనండి.”

కలం తీసినాయన నవ్వారు. “ఇది బురద.”

“ఆయ్, బురదేనండి” అంది పిల్ల. “ఆ కొండ మీద రాయి ఎండకి పగిలి, వానకి నాని, పొడయి, ఏటిలో పడి ఇక్కడి దాకా వచ్చేసిందండి. మేడం గారు తెచ్చింది రైల్లో వచ్చింది, ఇది నీళ్ళలో వచ్చింది. రెండూ ఒక కొండవేనండి.”

“ఇదంతా ఆ కొండదేనా?” కలం తీసినాయన వదల్లేదు.

“అంతా కాదండి. దారిలో కలిసినవి కూడా ఉన్నాయి. ప్రాణహిత తెచ్చింది, ఇంద్రావతి తెచ్చింది, శబరి తెచ్చింది. మెరిసే ఇసక వేరే కొండలదండి. కానీ ఈ నలుపూ, ఈ జిగటా ఎక్కువగా ఆ బసాల్టువేనండి. మా ఊళ్ళో రాయి లేదంటారండి అందరూ. మా ఊరే రాయండి. అరిగి అరిగి వచ్చి ఊరయింది. మేం దాని మీదే ఇళ్ళు కట్టుకున్నామండి.”

రామ్మూర్తి గారు వంగి, ఆ బురద కొంచెం వేళ్ళతో నలిపారు. తరవాత అంత పెద్దమనిషి, మా అందరి ముందూ, చిటికెడు తీసి ముందు పళ్ళ మధ్య పెట్టుకుని నెమ్మదిగా కొరికి చూశారు. బుచ్చిరాజు గారు కంగారుగా మంచినీళ్ళ కోసం కేకేయబోతే, అది మట్టిలో మెత్తని ఇసక పాలు ఎంతుందో చూసే పద్ధతని ఒక పిల్లాడు ఆయనకి చెవిలో చెప్పాడు.

“కొంచెం గరుకు తగులుతోందమ్మా” అన్నారు రామ్మూర్తి గారు.

“శబరిదై ఉంటుందండి” అంది లక్ష్మీతులసి.

అప్పుడు నవ్వారాయన. పక్కనాయన చేతిలోంచి కలం తీసుకుని, ఆయనే రాసుకున్నారు. రాస్తూనే, “ల్యాబుంది. గ్రూపు ఉంటుంది” అన్నారు. తరవాత గుమ్మం వైపు తిరిగి, “ఇప్పుడు మీరు మాట్లాడొచ్చు నిర్మల గారూ” అన్నారు.

నిర్మల గారు నోరు తెరిచారు. ఒక్క మాట కూడా రాలేదు. కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి. వెళ్ళి, మోచేతుల దాకా బురదతో నిలబడ్డ ఆ పడవవాడి కూతుర్ని గట్టిగా పట్టుకున్నారు. కమిటీ కోసమని పొద్దున్నే ఇస్త్రీ చేయించుకున్న చీర నిండా బురద అంటుకుంటోంది. “మేడం, చీరండీ” అని పిల్ల చేతులు దూరంగా పెట్టుకోబోయింది, ఆవిడ వదల్లేదు.